మా మామగారి వయసు

మా మామగారిని ఉరితీశారు. ఈ మాట ఇలా సూటిగా అనడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. పిల్లలకు సంబంధాలు చూసేటప్పుడు వియ్యాలవారు మామగారి సంగతి అడిగితే, పక్షవాతం వచ్చి పోయారని చెప్పేవాళ్లం. అందులో అబద్ధం లేదు. పక్షవాతం వచ్చింది, పోయారు. ఆ రెండింటికీ మధ్య ప్రభుత్వం చేసిన పని ఒకటుంది, దాన్ని మాత్రం మింగేసేవాళ్లం. ఇప్పుడు మా అత్త లేదు, మా ఆయన లేడు, నా పిల్లలకే తలలు నెరుస్తున్నాయి. ఇంక ఎవరికి దాచాలి? చెప్పేస్తాను.

నేను నరసరావుపేట దగ్గర నుంచి, కారంపూడికీ గురజాలకూ మధ్య ఉన్న ఆ ఊరికి కోడలిగా వెళ్లాను. నల్లరేగడి చేలు, వానను నమ్ముకున్న జొన్న, కంది, మిరప. చేలకు ముళ్లకంచెల బదులు నాపరాళ్లు నిలువుగా పాతి ఉంటాయి. ఇళ్ల మధ్య గోడలూ నాపరాళ్లే. బావుల్లో నీళ్లు పాతాళంలో ఉంటాయి. వెళ్లిన కొత్తలో నేను చేద లాగుతూ అవస్థ పడుతుంటే మా మామగారు చూసి, "పేట పిల్లవి, చేతులు బొబ్బలెక్కుతయ్, ఇటియ్యి అమ్మాయ్" అని తాడు లాక్కుని తనే తోడి పోశారు. కోడలికి మామగారు నీళ్లు తోడటమేమిటని ఊళ్లో ఆడవాళ్లు మూతులు తిప్పారు. ఆయనకు పట్టలేదు. పొడుగాటి మనిషి, తలగుడ్డ, మెలితిప్పిన మీసం, గొంతు విప్పితే నాలుగిళ్ల అవతలికి వినిపించేది. కోపం ముక్కుమీదే ఉండేది. ఆ కోపం గురించి ఇప్పుడు మెత్తగా చెప్పి ఆయన్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు.

ఆయన చంపింది సొంత తమ్ముడి కొడుకుని. తమ్ముడు చిన్నతనంలోనే పోతే ఆ పిల్లవాణ్ణి పెంచింది కూడా ఈయనే. కోటప్పకొండ తిరణాలకు భుజాలమీద ఎక్కించుకుని తిప్పింది ఈయనే, పెళ్లి చేసింది ఈయనే, వాటా పంచి ఇచ్చింది ఈయనే. పిల్లవాడి తల్లి, అంటే మా చిన్నత్త, మా ఇంటికి ఆనుకునే ఉండేది. మధ్యలో నడుం ఎత్తు గోడ. కూరలు ఆ గోడమీద నుంచే అటూ ఇటూ మారేవి.

సాగర్ కాలవ వస్తుందని సర్వేవాళ్లు గొలుసులు పట్టుకుని చేలల్లో తిరిగిన రోజులవి. అంతకుముందు ఊరికే ఇస్తామన్నా ఎవరూ దున్నని గట్టుపక్క నేల మీద అందరికీ ఆశ పుట్టింది. ఆ అబ్బాయి హద్దు రాళ్లను ఒక సాలు ఇవతలికి పాతాడని మా మామగారి ఆరోపణ. నిజంగా పాతాడో, వానకు ఒరిగాయో నాకు తెలియదు. ఒకనాటి పొద్దున ఈయన గునపం తీసుకుని రాళ్లు సరిచేయడానికి చేలోకి వెళ్లారు. మాటా మాటా పెరిగింది. అబ్బాయి ఆయన్ని "ముసలోడా" అని నెట్టాడు. ఈయన గునపం ఎత్తి తలమీద ఒక్కటి కొట్టారు. అంతే. పక్క చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లంతా చూశారు.

ఇంటికి వచ్చి, గునపం గోడకు ఆనించి, అరుగుమీద కూర్చున్నారు. నేను మంచినీళ్లు ఇస్తే తాగలేదు. గోడ అవతల చిన్నత్త ఇంకా రోట్లో పచ్చడి నూరుకుంటోంది, ఆమెకు కబురు అందలేదు. రోలు చప్పుడు ఎప్పుడు ఆగుతుందోనని వంటింట్లో నిలబడి వింటూ ఉన్నాను. ఆగిన తరవాత వచ్చిన అరుపును నేను చెప్పలేను.

కోర్టులో ఆయన ఒక్క మాట కూడా దాచలేదు. "నేనే కొట్టినా. వాడు నన్ను నెట్టినాడు" అన్నారు. వకీలు ఎంత నేర్పినా ఆయన నోటికి అబద్ధం ఎక్కలేదు. గుంటూరు కోర్టులో ఉరిశిక్ష వేశారు. పైకోర్టు సరేనంది. గోదావరి వైపున్న పెద్ద జైలుకి పంపారు. మా అత్త అప్పుడు ఏడవలేదు. "అంత పెద్ద మనిషిని, తల నెరిసినోణ్ణి, సర్కారు యాడన్నా ఉరేస్తదా? బెదిరించడానికి రాస్తరు గాని" అని ఊరంతా తిరిగి చెప్పేది. నిజానికి మేమందరం లోపల అదే అనుకున్నాం. మా వైపు ఉరి అంటే కుర్రవాళ్లకు పడే శిక్ష అని ఒక నమ్మకం. ముసలివాళ్లను దేవుడే తీసుకుపోతాడు కదా, ప్రభుత్వానికి అంత తొందరేమిటని.

దేవుడు తొందర పడ్డాడు కూడా. జైల్లోనే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మూతి వంకర పోయింది. ఏ చేత్తో గునపం ఎత్తాడో ఆ చెయ్యే పోయిందని ఊళ్లో అందరూ అనుకున్నారు. కబురు రాగానే మా ఆయన, అత్త, నేను బయలుదేరాం. మాచర్ల రైల్లో గుంటూరు, అక్కడి నుంచి ఇంకో రైలు. అత్త దారిపొడవునా జొన్నరొట్టెల మూట ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. ఆ మూట గేటు దగ్గరే ఆపేశారు.

ఆయన్ని జైలు ఆసుపత్రి గదిలో ఉంచారు. ఇనప ఊచల అవతల మంచం. మీసం గీసేశారు. మీసం లేని ఆ మొహాన్ని నేను మొదట గుర్తుపట్టలేదు. అత్త గుర్తుపట్టింది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన మాత్రం మమ్మల్ని చూసి ఎడమచెయ్యి ఊపి నవ్వారు. సగం మూతితో నవ్వారు.

"వానలు పడ్డయ్యా?" అని అడిగారు. మాటలు ముద్దముద్దగా వచ్చాయి.

"పడ్డయ్ నాయనా" అన్నాడు మా ఆయన.

"కంది పెట్టిన్రా?"

"పెట్టినం."

ఆయన ఎవరి కోసమో వెతికినట్టు మా వెనక్కి చూశారు. "వాడు రాలేదేందిరా?" అన్నారు.

"ఎవురు నాయనా?"

ఆయన ఆ అబ్బాయి పేరు చెప్పారు. తను చంపిన అబ్బాయి పేరు. "వాడికి నామీద కోపమా? వాడి ఎడ్లు కుదురుగా ఉన్నయ్యా? నేను ఊరికొచ్చినాక ఆ గట్టు సంగతి చూద్దాం, వాణ్ణి తొందరపడొద్దని చెప్పు" అన్నారు.

"చెబుతాలే నాయనా" అన్నాడు మా ఆయన. మామగారికి గునపం గుర్తులేదు, చావు గుర్తులేదు, కోర్టు గుర్తులేదు. తను ఎక్కడున్నారో కూడా సరిగ్గా తెలియదు. ఏదో మామూలు ఆసుపత్రి అనుకుంటున్నారు. తప్పు చేసిన మనిషిని శిక్షించాలంటే ఒప్పుకుంటాను. ఆ తప్పు చేసిన మనిషి ఈ మంచంమీద ఎక్కడున్నాడు? ఇక్కడున్నది తమ్ముడి కొడుకు ఎడ్ల గురించి బెంగపడుతున్న ముసలాయన. ఈయన మెడకు తాడు వేస్తే ఎవరికి శిక్ష వేసినట్టు? ఆ రోజు అడిగాను నన్ను నేను. ఇప్పటికీ ఎవరూ నాకు సరైన జవాబు చెప్పలేదు, పెద్ద చదువులు చదివిన నా మనవళ్లు కూడా.

బయటికి వస్తుంటే ఒక జవాను, మంచివాడే, అత్తను ఓదార్చబోయాడు. "బెంగ పెట్టుకోకమ్మా. డాక్టరుగారు రోజూ చూస్తున్నారు. పాలు, గుడ్డు ఇస్తున్నాం. సూదిమందు పడుతోంది. మెల్లిగా కోలుకుంటాడు" అన్నాడు. అత్త రెండు చేతులూ జోడించి అతనికి దండం పెట్టింది. నాకూ ప్రాణం లేచి వచ్చినట్టయింది. రైలు ఎక్కి కూర్చున్న తరవాత మా ఆయన కిటికీలోంచి చూస్తూ, "రోగంలో ఉన్నోణ్ణి ఉరి తియ్యరంట. కుదుటపడాలంట. అందుకే ఆ పాలు" అన్నాడు. అత్త అప్పటికి నిద్రపోయింది. ఆ మాట ఆమె వినలేదు. నేను విన్నాను. ఒక మనిషిని చంపడం కోసం బతికించడమనేది ఏ శాస్త్రంలో ఉంటుందో నాకు తెలియదు. ఆ పాలు తాగించిన చేతులు దయగలవేనని కూడా నాకు తెలుసు, అందుకే ఇంకా బాధ.

ఊరికి వచ్చాక నేను గోడ దగ్గర నిలబడి చిన్నత్తతో మామగారు ఆ అబ్బాయిని అడిగిన సంగతి చెప్పాను. చెప్పవచ్చో లేదో ఆలోచించలేదు, చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె చేటలో జొన్నలు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు.

"వాడి ఎడ్లనడిగిండా?" అంది.

"అడిగిండు చిన్నత్తా."

ఇంకో చేటెడు చెరిగింది. తరవాత ఆమె అంది: "నా కొడుకును ఇంటికి తెచ్చిన రోజు, బావను నా కళ్ల ముందర ఉరెయ్యాలనుకున్నా. మీసం తిప్పుకుంటా గట్టుమీద నడిచే ఆ బావను. ఇప్పుడు మూతి వంకర పోయి, గంజి మింగలేనోణ్ణి తీసుకపోయి ఉరేస్తే నాకేమొచ్చిద్ది? నేను పగబట్టిన మనిషి గూడ కాడాయె." చేట కింద పెట్టి లేచింది. "ఐతే ఒకటి చెబుతున్నా అమ్మాయ్. వొదిలెయ్యమని నన్ను ఏలిముద్ర మాత్రం అడగొద్దు. వెయ్యను. అడ్డమూ రాను."

ఆమెను ఎవరం అడగలేదు. ఆ రెండు మాటలూ ఆమె నిజంగానే అంది, రెండూ నిజమే. కొడుకు పోయిన తల్లి అంతకన్నా ఏం ఇవ్వగలదు?

గుంటూరు వకీలు ఢిల్లీకి క్షమాభిక్ష అర్జీ పెట్టించాడు. డాక్టర్లు రాసే రోగం కన్నా వయసు బలమైన సంగతి అన్నాడు. అరెస్టు చేసిన రోజున స్టేషన్లో మనిషి ఒడ్డూ పొడుగూ చూసి అరవై అని రాసుకున్నారు, కోర్టు కాగితాలన్నిటిలో అదే నడిచింది. అసలు వయసు ఎనభై దగ్గర అని రుజువైతే, అంత ముసలివాణ్ణి, రోగిని, ఉరితీయడానికి పైవాళ్లకు చెయ్యి రాదని వకీలు ఆశ పెట్టాడు. పుట్టినరోజు కాగితాలు ఆ కాలంలో ఎవరికున్నాయి? మా ఆయన ఊళ్లో ముసలివాళ్లను అడిగి, సుమారుగా లెక్కగట్టి అర్జీలో రాయించాడు. పైనుంచి విచారణకు ఉత్తర్వు వస్తుందని, వచ్చినప్పుడు కబురు చేస్తామని వకీలు మా ఆయనతో చెప్పాడు. ఆయన వయసు లెక్కలు గట్టడం చూశాను గాని, అవి ఎందుకో అప్పట్లో ఇంట్లో మాకు చెప్పలేదు. ఆ కబురు మాకు ముందుగా రాలేదు.

విచారణకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున మా ఆయన గుంటూరులో ఉన్నాడు. మునసబును వెంటబెట్టుకుని ఆ ఇన్‌స్పెక్టరు మా వాకిట్లోకి వచ్చేటప్పటికి అత్తా నేనూ మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. మంచం వాల్చాను. మజ్జిగ ఇచ్చాను. కుర్రాయనే, పద్ధతి గలవాడు. మజ్జిగ తాగి, కాగితాలు తీసి, "పెద్దమ్మా, మీ ఆయన వయసెంత?" అని అడిగాడు.

ఇక్కడ మా అత్త గురించి ఒక మాట చెప్పాలి. మనిషి వయసు ఉన్నదున్నట్టు పైకి చెబితే ఆయుష్షు తరుగుతుందని ఆమె నమ్మకం. ఆమె ఒక్కతే కాదు, మా అమ్మా అంతే, ఆ కాలపు ఆడవాళ్లు సగం మంది అంతే. పైన లెక్కలు చూసేవాడు ఎందరిలోనో ఒకణ్ణి మరిచిపోయి ఉంటాడు, మనం నోరు జారి గుర్తు చేయకూడదని. మొగుడి వయసు ఎవరడిగినా మా అత్త అరవై అనేది. నేను కాపరానికి వెళ్లిన ఏడాదీ అరవయ్యే. మా పెద్దవాడికి అన్నప్రాసన చేసిన ఏడాదీ అరవయ్యే. నేను నవ్వుతూ, "ఏందత్తా, మావ మీకంటే చిన్నోడైపోతాడు కొన్నాళ్లకి" అంటే, "నీ నోట్లో దుమ్ముపడ, నవ్వుతా నవ్వుతా దిష్టి పెట్టమాక" అని తిట్టేది.

అలాంటి మనిషిని, ప్రభుత్వపు మనిషి, కలం పట్టుకుని, మొగుడి వయసెంతని అడిగాడు.

"ఎందుకు బాబూ?" అంది అత్త.

"విచారణమ్మా. రాసుకోవాలి."

ఎందుకోసమో ఆయన చెప్పలేదు. చెప్పకూడదని నిబంధనేమో, చెప్పాలని తోచలేదేమో. అది దేనికి సంబంధించిన విచారణో నాకూ తెలియదు. ఆస్తి జప్తు చేస్తారేమోనని నేను భయపడుతున్నాను. అత్త కళ్లు చిన్నవి చేసి కలం వంకే చూసింది.

"అరవై" అంది.

మునసబు సన్నగా దగ్గాడు. "అమ్మా, ఇంకొంచెం ఎక్కువే ఉంటయ్ గదా ఆయనకి" అన్నాడు.

నేను తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. కోడలు మాట్లాడే చోటు కాదు. అయినా నా నోరు ఊరుకునే నోరు కాదు. "అత్తా, మావకి డెబ్బై అయిదు దాటలా? మొన్న మీ అబ్బాయి లెక్కగట్టినాడు గదా" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. అంత కోపంగా నన్నెప్పుడూ చూడలేదు. "నోరు ముయ్యవే. ఆయన్ని కట్టుకున్నది నేనా నువ్వా?" అని, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి గొంతు తగ్గించి, "పిల్లది, దానికేం తెల్సు. నువ్వు రాసుకో బాబూ. అరవై. ఒకటి తక్కువుంటే ఉండుద్ది గాని ఎక్కువుండదు" అంది.

భార్య చెప్పిన మాట. ఆయన రాసుకున్నాడు. చదివి వినిపించాడు. అత్త కారపు చేతిని కొంగుకు తుడుచుకుని వేలుముద్ర వేసింది. వాళ్లు వెళ్లిపోయారు. అత్త మళ్లీ మిరపకాయల ముందు కూర్చుని, కోపం చల్లారాక మెల్లిగా నాతో అంది: "అసలే ఆయనకు గండం నడుస్తంది. ఇట్టాంటి టయంలో ఎనిమిది పదులని సర్కారు కాయితంలో రాయించాలా? తెలివున్నదే నీకు? ఆయన బతకాలని లేదా?"

ఆ మాట ఆమె ఎంత ప్రేమగా అందో నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.  

మర్నాడు మా ఆయన వచ్చాడు. కాళ్లు కడుక్కుంటుంటే సంగతి చెప్పాను. చెంబు చేతిలోనే ఉండిపోయింది. "అరవై అనిందా?" అని రెండుసార్లు అడిగాడు. తరవాత నాకు వివరం చెప్పాడు, ఆ విచారణ దేనికోసమో, ఆ వయసుమీద ఏం ఆధారపడి ఉందో.  అత్త పెరట్లో గేదెకు కుడితి పెడుతోంది. ఆమె దగ్గరికి వెళ్లి అరుస్తాడేమో అనుకున్నాను. వెళ్లలేదు. తిరిగి చెప్పులు వేసుకుని అప్పుడే గురజాల బయలుదేరాడు.

తాలూకా కచేరీ చుట్టూ, వకీలు చుట్టూ చాలా తిరిగాడు. ఒకసారి వేలుముద్ర పడ్డ వాంగ్మూలం అదేనన్నారు. మళ్లీ మార్చి చెబితే నేర్పించి చెప్పించినట్టు ఉంటుంది, మొత్తం అర్జీయే అబద్ధమనుకుంటారని వకీలు అన్నాడు. అయినా ఇంకో కాగితం పంపాడు. అది ఎంతదూరం పోయిందో దేవుడికి తెలియాలి. జైలు డాక్టరు రోగి కోలుకుంటున్నాడని రాశాడట. అదీ నిజమే, పాలూ గుడ్డూ పనిచేశాయి. కొన్నాళ్లకు ఢిల్లీ నుంచి కుదరదని వచ్చింది. కారణాలు చెప్పరు. కాని కలెక్టరు ఆఫీసులో వకీలుకు తెలిసిన గుమాస్తా ఒకాయన, "వయసు సంగతి అబద్ధమని తేలింది కదండీ, భార్యే చెప్పింది" అన్నాడట.

మా ఆయన ఆ రాత్రి కాదు, మర్నాడు చేలో పనిచేసుకుంటూ నాతో అన్నాడు. "ఏమే, అమ్మకు తెలియకూడదు. ఎప్పటికీ తెలియకూడదు. నువ్వు నోరు జారితే నేను నిన్ను క్షమించను." నేను నోరుగల దాన్నని ఆయన భయం. ఆ ఒక్క విషయంలో నేను నోరు జారలేదు. ఎనభై అని చెప్పి ఉంటే మాత్రం ఆపేవాళ్లా? ఆపకపోయేవాళ్లేమో. ఆ ప్రశ్న మా ఇద్దరి మధ్య ఎన్నో ఏళ్లు తిరిగింది. మేమిద్దరం తప్ప దాన్ని మోసేవాళ్లు లేరు.

కడసారి చూడటానికి మా ఆయన ఒక్కడే వెళ్లాడు. అత్తను తీసుకువెళ్లలేదు. దహనం అక్కడే, ఏటి ఒడ్డున చేసి, గుండు చేయించుకుని వచ్చాడు. అత్తతో, "కష్టపడలేదమ్మా, నిద్రలో పోయినట్టు పోయిండు" అన్నాడు. నాకు మాత్రం మా రెండోవాడు పుట్టాక, చాలా కాలానికి, జవాను చెప్పింది చెప్పాడు. ఆయన నిలబడలేకపోతే ఇద్దరు రెట్టలు పట్టుకుని ఎత్తి తీసుకువెళ్లారట. ఎక్కడికో ఆయనకు అర్థం కాలేదట. ఊరికి పంపిస్తున్నారనుకున్నాడట. "బండి కట్టిన్రా?" అని అడిగాడట. కట్టాం తాతా అని జవాను అన్నాడట. అతణ్ణి నేను తప్పుపట్టను. అతనింకేం చెబుతాడు? కాని రెట్టలు పట్టి నిలబెట్టాల్సిన మనిషిని చంపడానికి నిలబెట్టిన వ్యవస్థను మాత్రం నేను ఈ వయసులో కూడా క్షమించలేను. శిక్షకు బెదరడానికైనా మనిషికి మతి ఉండాలి కదా. భయం తెలియనివాణ్ణి, తప్పు తెలియనివాణ్ణి, తనకేం చేస్తున్నారో తెలియనివాణ్ణి చంపితే దాన్ని న్యాయం అనడం నాకు చేతకాదు. చచ్చిన అబ్బాయి తల్లికే అది అక్కర్లేకపోయింది.

పెద్దకర్మకు బంధువులు వచ్చారు. బెల్లంకొండ నుంచి, అచ్చంపేట నుంచి, ఏటి అవతల నుంచి కూడా. ఉరిపడ్డ ఇంటికి ఎవరొస్తారులే అనుకున్నాం గాని అందరూ వచ్చారు. చిన్నత్త గోడ దాటి వచ్చి, ఎవరితో మాట్లాడకుండా పొయ్యి దగ్గర కూర్చుని అన్నం వార్చింది. మధ్యాహ్నం విస్తళ్లు వేశాం. నేను వడ్డిస్తున్నాను. అత్తను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. మా ఆయన బంధువుల వరసలో, అత్తకు ఎదురుగా కూర్చున్నాడు. బెల్లంకొండ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, వరసకు అత్తకు అన్న, అన్నం కలుపుకుంటూ, అలాంటి చోట ఎవరైనా అడిగే మాటే అడిగాడు.

"ఎన్నేళ్లుంటయ్ అమ్మా బావకి?"

అత్త తల ఎత్తింది. కళ్లు తుడుచుకుంది. ఆమె మొహంలో దాపరికం ఏమీ లేదు. ఇన్నేళ్లుగా మోస్తున్న బరువు దించుకున్నట్టుగా ఉంది.

"ధాత కరువప్పుడు పాలు తాగే పిల్లోడంట అన్నా. మా అత్త చెప్పేది, పాలు లేక గంజి పోసి బతికించిందంట. లెక్కేసుకో. ఎనభై దాటి ఒకటో రెండో" అంది.

"అబ్బో, అంతుంటయ్యా? అట్టా కనపడేటోడు గాదే."

"ఎవురికీ చెప్పలేదన్నా ఇన్నాళ్లు. ఇప్పుడు చెబితే ఏందిలే. తరిగేదానికి ఏముంది?"

పొయ్యి దగ్గర చిన్నత్త చేతిలో గరిటె ఆగింది. ఆ రోజు గోడ అవతల నుంచి ఇన్‌స్పెక్టరు మాటలన్నీ ఆమె వినే ఉంటుంది. ఆమె నా వంక చూసింది. నేను చూపు తిప్పుకుని పప్పు వడ్డించాను. మా ఆయన చేతిలోని ముద్ద విస్తట్లో పెట్టేసి, లేచి, పెరట్లోకి వెళ్లిపోయాడు.

"పిల్లోడు అన్నం మధ్యలో లేచాడేందే?" అని అత్త నన్ను అడిగింది.

కారం ఎక్కువైందని చెప్పాను.